పోసవ్వ కాలి కొలత

ముందుది వెనక, వెనకది ముందు చెప్తానేమో, ఈమధ్య నాకలాగే అవుతోంది. నే చెప్తుంటే వనజ రాసిపెడుతోంది. జరిగింది మాత్రం ఇదే.

హకీం లతీఫ్ సాహెబు దగ్గర సుభాన్ ఆరేళ్ళుగా వైద్యం నేర్చుకుంటున్నాడు. ఊరంతా బీడీలు చుట్టేవాళ్ళే. పొగాకు దుమ్ముకి ఇంటికొకరికి ఉబ్బసం. గుమ్మంలో ఆయాసం వినబడితే చాలు, మనిషిని చూడకుండానే మందు నూరడం మొదలుపెట్టేవాడు సుభాన్. అదే అతని గొప్ప.

ఒక ఉదయం పోసవ్వ గోడ పట్టుకుని వచ్చింది. పని మధ్యలోంచి లేచి వచ్చినట్టుంది, బీడీలు కట్టే దారపుండ చేతిలోనే ఉంది.

"పాత ఉబ్బసమే సాబ్. ఆమె నాకు ఎరుకే" అన్నాడు సుభాన్, కల్వం దగ్గరికి లాక్కుంటూ.

"పిల్లికూతలు వినబడ్డయా?" అడిగారు హకీం సాహెబు.

సుభాన్ చెవి ఒగ్గాడు. ఆయాసం ఉంది. కూత లేదు.

హకీం సాహెబు లేచి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నేలమీద కూర్చున్నారు.

"అయ్యో, నా కాళ్లు ముట్టకుండ్రి సాబ్!"

"ఆ దారం ఇటియ్యి, చెల్లే."

కుడి పిక్క చుట్టూ దారం తిప్పి, కలిసినచోట తెంపారు. అదే ముక్కను ఎడమ పిక్కకు చుట్టారు. కొసలు కలవలేదు. మధ్యలో మూడు వేళ్ళ ఎడం.

"ఇది ఎప్పటి సంది?"

"నాలుగొద్దులాయె. కూసొని చుట్టీ చుట్టీ పట్టిందనుకున్న."

"కల్వం పక్కన పెట్టు, సుభాన్. ఆటో పిలువు. పెద్దాసుపత్రికి పోవాలె, జల్ది."

పదిరోజులకు పోసవ్వ గండం గడిచిందని కబురొచ్చింది. కాలిలో గడ్డకట్టిన నెత్తురు ముక్క ఊపిరితిత్తికి ఎక్కిందట. ముదిరిన ఉబ్బసం ఉన్నవాళ్ళకి నెత్తురు గడ్డకట్టే భయం కాస్త ఎక్కువేనని డాక్టరమ్మ చెప్పిందట.

సుభాన్‌కి అది మింగుడుపడలేదు.

"ఉబ్బసమేమో రొమ్ముల, గడ్డేమో కాల్ల. రెండిటికి ఏం సుట్టరికం సాబ్?"

"ఆ మలుపు దాకా ఉరికి రా."

"ఏం తేవాలె?"

"ఏం తేకు. ఉరుకు."

సుభాన్ ఉరికి వచ్చాడు. గుమ్మం పట్టుకుని రొప్పాడు.

హకీం సాహెబు అతని ఛాతీ మీద అరచెయ్యి ఆనించారు.

"ఉరికింది కాళ్లే గదరా. మరి ఇదెందుకు ఎగురుతుంది?"

వనజా, ఆమె పేరు పోసవ్వేనా, లేక అది వాళ్ళ అక్క పేరా? ఒకసారి చూసి దిద్దు తల్లీ.