వందలో ఒక్క పిలుపు

కొర్లయ్య మాస్టారిని ప్రశ్న అడగడమంటే పని కొనితెచ్చుకోవడమే. నీలాలరేవులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ముప్పయ్యొక్క ఏళ్లు లైట్‌హౌసులో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి ఆయన. నోటితో చెబితే రెండు నిమిషాల్లో తేలిపోయేదానికి కూడా ఏదో ఒక పని పురమాయించి, "చూసి రా" అనేవారు. చూసి వచ్చినవాళ్లు మళ్లీ ఆ ప్రశ్న అడిగేవాళ్లు కారు. కొందరు మాస్టారితో మాట్లాడడమే మానేసేవాళ్లు, అది వేరే సంగతి.

దమయంతి ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్ల. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, మరపడవల సంఘం వారి వైర్‌లెస్ గదికి ఇన్‌ఛార్జిగా చేరి ఏడాది దాటింది. సముద్రంలో కాస్త దూరం పోతే సెల్‌ఫోను మూగబోతుంది. ఆపైన పడవకీ ఒడ్డుకీ మధ్య మిగిలే ఆధారం వైర్‌లెస్ ఒక్కటే. పడవ నుంచి పిలిస్తే ఆ గొంతును కొండమీది టవరు అందుకుని గదికి చేరవేస్తుంది, గదిలో మనిషి జవాబిస్తాడు. టవరుకి కరెంటు ఉందా, బ్యాటరీ ఎంత మిగిలింది, యంత్రం పనిచేస్తోందా అని నిమిషనిమిషానికీ కనిపెట్టే ఏర్పాటు దమయంతి చేసింది. గదిలో పెద్ద స్క్రీన్ పెట్టించింది. అన్నీ బాగుంటే పచ్చ, ఏదైనా ఆగితే ఎరుపు, దాంతోపాటు బజరు. సంఘంలో పెద్దలంతా వచ్చి చూసి ఔరా అన్నారు. అనరూ మరి!

ఆ ఏడాది మహాసభకి ముందు ప్రెసిడెంటుకి ఒక బుద్ధి పుట్టింది. మన గది ఎంత నమ్మకంగా పనిచేస్తుందో ఒక మాట రాసి గోడకి కట్టాలి, దానికి కట్టుబడి ఉండాలి అన్నాడు. "వందకి వంద అని రాసెయ్యమ్మా" అని సలహా కూడా ఇచ్చాడు. దమయంతి అలా గాల్లో రాసే రకం కాదు. ఏడాది లెక్కలు తీసింది. ఏడాది మొత్తంలో టవరు ఆగింది తొమ్మిది గంటలు. అంటే వెయ్యి గంటలకి ఒక్క గంట. ఆ కాగితం పట్టుకుని మాస్టారింటికి వెళ్లింది.

"ఎంత రాయమంటారు మాస్టారూ? వెయ్యిలో తొమ్మిది వందల తొంభై తొమ్మిది అని రాయొచ్చా, ఇంకాస్త తగ్గించి రాయాలా?"

మాస్టారు కాగితం వంక చూడలేదు.

"సన్యాసిరావు పడవ ఎల్లుండి వేటకి పోతోంది. మూడు రోజులు నువ్వూ పోయి రా. అరగంటకోసారి గదిని పిలువు. పలికారో లేదో రాసుకో."

"పలకకేం మాస్టారూ! స్క్రీన్ పచ్చగా ఉందంటే పలికినట్టే కదా."

"రాసుకో" అన్నారు మాస్టారు.

ఆడమనిషిని పడవెక్కించడమేటని సన్యాసిరావు కాసేపు గొణిగాడు. ఆ పడవకి అతనే సరంగు, అక్కడ అతని మాటే మాట. కానీ మాస్టారి మాట కాదనలేక, "వాంతులైతే మాత్రం నన్ననకు తల్లీ" అని ఎక్కించుకున్నాడు. పడవలో అతని బావమరిది పోలిరాజు, ఇంకో ముగ్గురు కలాసీలు ఉన్నారు. పోలిరాజుకి పెళ్లయి రెండేళ్లు. పడవ మీద ఒక్క క్షణం నోరు మూసుకోని మనిషి. దమయంతికి వాంతులైనప్పుడు మంచినీళ్లు ఇచ్చింది అతనే, ఆ తర్వాత పొద్దుగూకేదాకా ఆట పట్టించిందీ అతనే.

మొదటి రోజు ఆమె ఇరవైసార్లు గదిని పిలిచింది. పదకొండుసార్లు పలికారు. తొమ్మిదిసార్లు పలకలేదు. పడవలోని వైర్‌లెస్ సెట్టు పాతదయ్యుంటుంది అనుకుంది. తర్వాత, యాంటెనా వదులై ఉంటుంది అనుకుంది. ఆ మాటే సరంగుతో అంటే అతను పడీపడీ నవ్వాడు.

"సెట్టుకేటి, దివ్యంగా ఉంది. ఎప్పుడూ ఇంతేనమ్మా. రెండుసార్లు పిలుస్తాం, పలక్కపోతే ఊరుకుంటాం. ఏం, ఇది మీ లెక్కల్లో పడదా?"

పడదు. పిలిచి విసిగి ఊరుకున్నవాడి సంగతి టవరుకేం తెలుసు? దమయంతి ముఖం చిన్నబుచ్చుకుంది. సెట్టుదే తప్పని మాత్రం లోపల గట్టిగానే అనుకుంది.

రెండో రోజు పొద్దున్న పది దాటి పది నిమిషాలు. వల పైకి లాగుతున్నారు. వల లాగే వించి యంత్రం మీద తిరిగే ఇనపతాడు ఒకచోట చిక్కు పడింది. యంత్రం ఆపకుండానే పోలిరాజు దాన్ని చేత్తో తప్పించబోయాడు. రోజుకి పదిసార్లు చేసే పనే అది. ఈసారి తాడు చేతిని లోపలికి లాక్కుంది.

అతని కేకకి దమయంతి చేతిలోని పుస్తకం జారిపోయింది. యంత్రం ఆపి, తాడు వెనక్కి తిప్పి చెయ్యి బయటికి తీసేసరికి, అది చెయ్యిలా లేదు. సన్యాసిరావు తన లుంగీ చింపి మోచేతి కింద బిగించి కట్టాడు. వల తెంచి నీళ్లలో వదిలేయమన్నాడు. పడవని ఒడ్డువైపు తిప్పాడు. ఎంత తోలినా రెండున్నర గంటల దారి. కానీ సంఘానికి ఒక స్పీడు బోటు ఉంది. గదికి కబురందితే అది ఎదురొచ్చి మనిషిని ఎక్కించుకుపోతుంది, జెట్టీ మీద అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది.

"పిలువమ్మా!" అని అరిచాడు సరంగు. "గదిని పిలువు!"

దమయంతి పిలిచింది. "కంట్రోల్, కంట్రోల్, కంట్రోల్. మనిషికి దెబ్బ తగిలింది. వెంటనే పలకండి." గుర్రుమనే చప్పుడు తప్ప ఇంకేం లేదు. మళ్లీ పిలిచింది. ఆమె గొంతు విని చుట్టుపక్కల వేటాడుతున్న రెండు పడవలు పలికాయి. వాళ్లు కూడా గదిని పిలవడం మొదలుపెట్టారు. ఇప్పుడు మూడు పడవలు పిలుస్తున్నాయి. గది పలకదు. అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది.

పోలిరాజు మాట్లాడడం మానేశాడు. ఆ పడవలో అందరికీ భయం వేసింది అప్పుడే. సరంగు చుక్కాని ఒక కలాసీకి అప్పగించి, పోలిరాజు తలని ఒళ్లో పెట్టుకుని, "ఒరే బావా, కళ్లు ముయ్యకురా, నన్ను తిట్టరా" అని బతిమాలుతున్నాడు.

పదీ ఇరవై అయిదుకి దమయంతి కింద పడ్డ పుస్తకం తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే తెలియదు, చేతులు ఊరుకోలేక తీసి ఉంటుంది. నిన్నటి పేజీ తెరుచుకుంది. పలికినవాటికి టిక్కు, పలకనివాటికి సున్నా. ఏడు గంటలకి టిక్కు, తొమ్మిదికి టిక్కు, పదకొండుకి, ఒంటిగంటకి, మూడింటికి టిక్కు. వాటి వెనకే ఇంకొన్ని టిక్కులు. మధ్యలో అన్నీ సున్నాలే. ఆ గంటలు ఏమిటో ఆమెకి తెలుసు. గదిలో ఉండే నూకయ్య వాతావరణం చదివే వేళలవి. ఆ పట్టిక వేసింది తనే. అంటే నూకయ్య వాతావరణం చదవడానికి సౌండ్ పెంచుతాడు, చదివాక కాసేపటికి తగ్గించేస్తాడు. పడవలవాళ్లు రోజంతా ఆ చానల్లోనే ఎవరి వలలో ఏం పడిందో కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. ఆ గోల భరించలేక తగ్గిస్తాడు. తగ్గించి ఏం చూస్తాడు? పచ్చగా వెలిగే స్క్రీన్ చూస్తాడు. పచ్చగా ఉన్నంతసేపు బెంగలేదు అని గోడ మీద కాగితం అంటించింది ఎవరు?

"ఎప్పటికి పలుకుతారమ్మా?" అన్నాడు సరంగు.

"పదకొండుకి."

"పదకొండుకి పలికేవాళ్లు ఇప్పుడెందుకు పలకరు?"

ఆమె తల వంచుకుంది. ఆ ముప్పై అయిదు నిమిషాలూ ఆమె సెట్టు వదల్లేదు, పిలుపు ఆపలేదు. ఎవరూ వినరని తెలిసి పిలవడం ఎలా ఉంటుందో ఆమెనే అడగాలి. కట్టిన గుడ్డ ఎర్రగా నానిపోతే ఇంకోటి కట్టారు. కలాసీల్లో ఒకతను సముద్రం వైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చాడు.

సరిగ్గా పదకొండుకి సెట్టులో నూకయ్య గొంతు పలికింది. "అన్ని పడవలకీ నమస్కారం. ఈరోజు వాతావరణం. గాలి నైరుతి నుంచి..." బటను నొక్కి మాట్లాడుతున్నవాడికి అవతలి మాట వినిపించదు. దమయంతి పళ్లు బిగబట్టుకుని కూర్చుంది. అలల ఎత్తు చదివాడు. రేపటి సూచన చదివాడు. ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం బటను వదిలాడు. ఆ సందులో ఆమె పెట్టిన కేక గదిలో స్పీకరు పగిలేలా వినిపించిందని తర్వాత చెప్పుకున్నారు.

ఆ తర్వాత ఎక్కడా ఆలస్యం కాలేదు. స్పీడు బోటు నలభై నిమిషాల్లో ఎదురొచ్చింది. అంబులెన్సు జెట్టీ మీదే ఉంది. పోలిరాజు ప్రాణం దక్కింది. కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు. ఇంకో ముప్పావుగంట ముందు తెచ్చుంటే అని అంటూనే డాక్టరు ఆగిపోయి, "చెప్పలేం" అన్నాడు.

దమయంతి రేవు చేరగానే తిన్నగా గదికి వెళ్లింది. నూకయ్య నిద్రపోలేదు, తాగలేదు, కుర్చీ వదిలి పోలేదు. పొద్దుటి నుంచీ స్క్రీన్ ఎదురుగానే ఉన్నాడు. "పచ్చగానే ఉందమ్మా, ఒట్టు. తమరే కదా చూడమన్నారు" అని చేతులు జోడించాడు. ఆమె రికార్డు తీసి చూసింది. ఆ ఉదయం టవరు ఒక్క నిమిషం కూడా ఆగలేదు.

అక్కణ్ణించి మాస్టారింటికి వెళ్లింది. బట్టల మీద నెత్తురు ఎండిపోయి ఉంది.

"మీకు ముందే తెలుసా మాస్టారూ?"

"సౌండ్ తగ్గిస్తారని తెలుసు" అన్నారు ఆయన. "నేనూ తగ్గించేవాణ్ణి."

"తెలిసి ఒక్క మాట చెప్పలేదే! చెప్పి ఉంటే ఆ చెయ్యి..."

"చెబితే నువ్వు నాకు స్క్రీన్ చూపించి ఉండేదానివి." ముసలాయన ఆమె బట్టల మీది నెత్తురు వంక చూశారు. "అయినా చెప్పవలసింది, తల్లీ. చెప్పవలసింది" అన్నారు. ఆయన అలా అనడం దమయంతి ఎన్నడూ వినలేదు. తిట్టాలని వచ్చిన పిల్ల తిట్టలేక ఆయన పక్కనే కూర్చుని ఏడ్చింది.

మర్నాడే గోడ మీది కాగితం చింపేసింది. సౌండ్ తగ్గించకూడదని కట్టడి చేసింది. ఆ చెవులు చిల్లులు పడే గోలలో ఒక్క మనిషి రోజంతా కూర్చోలేడని, గంటకొకరు మారేలా ఇంకో మనిషిని వేయించింది. ప్రతి పడవకీ ఒక పుస్తకం ఇచ్చి, పిలిచిన ప్రతిసారీ ఎంతసేపటికి పలికారో రాయమంది. విసిగి ఊరుకుంటే అదీ రాయమంది. నెల తిరిగేసరికి ఆరువందల పైచిలుకు పిలుపులు లెక్కకొచ్చాయి. పలకడానికి పట్టిన ఆలస్యాలన్నీ వరసపెట్టి, చెయ్యగలిగిందేదో చెయ్యలేనిదేదో తేల్చుకుని, అప్పుడు రాసింది కాగితం.

మహాసభకి రేవంతా వచ్చింది. దమయంతి లేచి చదివింది. "పడవ నుంచి వచ్చిన పిలుపుకి రెండు నిమిషాల్లోపు ఈ గది పలుకుతుంది. వంద పిలుపుల్లో తొంభై తొమ్మిదింటికి. ఏ నెలలో అంతకన్నా తగ్గినా మిగతా పనులన్నీ ఆపి ముందు దాన్ని సరిచేస్తాం."

ప్రెసిడెంటు ఇబ్బందిగా కదిలాడు. "ఆ ఒక్కటీ ఎందుకమ్మా? వంద అని రాస్తే నిండుగా ఉంటుంది కదా."

"నిండుగానే ఉంటుందండీ. నిజం కాదు" అంది దమయంతి. "ఉరుము ఉంటుంది, రెండు పడవలు ఒకేసారి పిలవడం ఉంటుంది. మనుషులం. వంద రాస్తే నేను సంతకం పెట్టను."

ఆడవాళ్ల వైపు నుంచి ముత్యాలు లేచింది. పోలిరాజు పెళ్లాం. చంకలో పిల్ల ఉంది. పోలిరాజు ఆమె పక్కనే, చొక్కా చేతిని మడిచి పిన్ను పెట్టుకుని కూర్చున్నాడు. ఇంతకాలం అంత వాగిన మనిషి ఇప్పుడు నేల చూపులు చూస్తున్నాడు.

"నాకు లెక్కలు తెల్దు" అంది ముత్యాలు. గొంతులో కోపం లేదు, అదే అందరికీ కష్టమైంది. "ఆ మిగిలిన ఒక్క పిలుపూ ఎవరిదమ్మా?"

దమయంతి కాగితం వంక చూసింది. నిస్సహాయంగా మాస్టారి వైపు తిరిగింది.

కొర్లయ్య మాస్టారు నెమ్మదిగా లేచారు. ఈసారి ఎవరికీ పని పురమాయించలేదు. ముత్యాలు ముఖంలోకి చూసి అన్నారు:

"అది ముందే తెలిస్తే, ఆ గదిలో మనిషిని కూర్చోబెట్టక్కర్లేదమ్మా. తెలీదు గనకే ప్రతి పిలుపూ అదే అనుకుని వినాలి."