రాగి బిందెలో సముద్రం

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒక పిల్ల. నీ అంతే ఉంటుందిలే. ఎవరూ చెప్పకముందే పని మొదలెట్టేసే రకం. చేపల గంప చూడగానే ఎన్నున్నాయో టక్కున చెప్పేసేది.

దాని దగ్గర బొంగరం అనే గుల్లపీత ఉండేది. గుల్లపీత అంటే, ఖాళీ గుల్ల వెతుక్కుని అందులో కాపురం పెట్టే పీత. అది నేల మీద తిరిగేదే అయినా దానికి రెండు గిన్నెలు కావాలి. ఒకదాంట్లో మంచినీళ్ళు, ఒకదాంట్లో సముద్రపు నీళ్ళు.

బొంగరం పెరిగింది. పాత గుల్ల బిగుతైపోయింది. నూకరత్నం పక్కనే పెద్ద గుల్ల పెట్టింది. కానీ మనం కొత్త బట్టలు కట్టుకునే ముందు స్నానం చేసినట్టు, బొంగరం ముందు ఉప్పునీళ్ళలో మునగాలి కదా!

అప్పుడు నూకరత్నం నీళ్ళకని పడవల రేవుకి వెళ్ళింది. అక్కడ నీళ్ళ మీద డీజిలు రంగురంగులుగా తేలుతోంది. "ఛీ, ఇవి వద్దు" అని వచ్చేసింది.

ఆ తర్వాత ఏరు సముద్రంలో కలిసే చోటికి వెళ్ళింది. ముందురోజే వాన పడింది. ఊరి మురికంతా కొట్టుకొస్తోంది. అక్కడా ముంచలేదు. మురికి తగ్గేదాకా ఆగాలని వేళ్ళ మీద మూడు రోజులు లెక్కపెట్టుకుంది.

మూడోసారి రేవూ ఏరూ లేని ఇసుకతిన్నెల దాకా నడిచింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. రాగి బిందె చింతపండుతో తళతళా తోమి మరీ తీసుకెళ్ళింది. రాగిలో నీళ్ళు ఒంటికి మంచివని వాళ్ళ నాయనమ్మ రోజూ అంటుంది మరి! గుడ్డతో వడగట్టి, తెల్లారేదాకా బిందెలోనే తేరనిచ్చింది.

పొద్దున్నే గిన్నెలో పోసింది. బొంగరం దిగింది. కాసేపటికే గుల్లలోంచి సగం బయటికి వేలాడిపోయింది. మీసాలు కూడా ఆడించట్లేదు.

అప్పుడే పక్కింటి ఎర్రమ్మత్త గంప దించుకుంటూ వచ్చింది. "ఏటే పిల్లా, ఆ మొగం?"

"వానకి మూడు రోజులు ఆగానత్తా! వడగట్టాను. లెక్కంతా సరిపోయింది!"

"లెక్క సరే. బిందె అంచున ఆ పచ్చ ఏటి?"

నూకరత్నం వేలితో రాసి చూసింది. చిలుము!

"ఉప్పునీళ్ళు రాగిని తినేత్తాయే. ఆ రాగి నీళ్ళలో కలిసిపోద్ది. పీతకది విషం. మేమెప్పుడైనా రాగి బిందెలో పీతల్ని మోసామేటే?"

నూకరత్నం ఏడుస్తూ కూర్చోలేదు. బొంగరాన్ని మంచినీళ్ళతో కడిగి నీడలో పెట్టింది. గిన్నె తోమింది. మంచినీళ్ళు తప్ప ఇంకేమీ పొయ్యని ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని, మళ్ళీ అంత దూరమూ నడిచింది. వడగట్టింది, తేరనిచ్చింది. పీత ఎక్కి రావడానికి గిన్నెలో ఒక రాయి పెట్టింది.

మొదటిరోజు బొంగరం కదల్లేదు. రెండోరోజు ఒక మీసం ఆడింది. మూడోరోజు గిన్నెలోకి పాకి, రాయి మీంచి నెమ్మదిగా దిగి, బుడుంగుమని మునిగింది. ఆ తర్వాత ఒళ్ళంతా తడితో పెద్ద గుల్ల దగ్గరికి పాకి, లోపల తడిమి చూసి, చటుక్కున మారిపోయింది!

నూకరత్నం బిందెని మళ్ళీ తోమి నాయనమ్మకే ఇచ్చేసింది. "ఇది నీకు. డబ్బా దానికి" అంది.

పీత కొత్త ఇంటికి,
కథ కంచికి,
కునుకు నీ కంటికి.