ఇందుమతి బిగించిన పెట్టె

ఇందుమతి కట్టిన టవరు పరీక్షలో రెండుసార్లు ఆగిపోయింది. ఇవాళ కూడా ఆగితే ఇలాంటి టవర్లు కట్టే పని విదేశీ కంపెనీకి వెళ్లిపోతుంది.

ఏసీ కరెంటును లక్షల వోల్టుల డీసీగా మార్చే యంత్రం అది. అంత వోల్టేజీని ఏ ఒక్క స్విచ్చూ భరించలేదు. అందుకే పెట్టెల మీద పెట్టెలు పేర్చారు. పెట్టెకో కెపాసిటర్, రెండు స్విచ్చులు. పెట్టెలన్నీ ఆ వోల్టేజీని తలా కాస్త మోస్తాయి. ఒకటి చెడితే దాన్ని తప్పించి, దాని పని అందుకోవడానికి కొన్ని పెట్టెలు అదనంగా ఉన్నాయి.

ఆ తప్పించే ఏర్పాటును ఇందుమతి తీసేసింది. ఏ పెట్టెలో చిన్న లోపం కనబడ్డా టవరంతా ఆగేలా ప్రోగ్రాం రాసింది. లోపమున్న యంత్రాన్ని నడపడం ఆమెకు నామోషీ.

పొద్దున్నే గురువు పరదేశి గారి దగ్గరికి వచ్చింది.

"వారం గడువు అడగండి సార్. అన్ని పెట్టెలూ విప్పి చూస్తాను. ఒక్కటి కూడా చెడకూడదు."

"అయితే ఇది ఏనాటికీ నడవదు," అన్నారాయన. "పరాయివాళ్ల యంత్రాలు తుడిచి తుడిచి ముసలివాణ్ణయ్యానమ్మా. చెడని పెట్టెను నేనెక్కడా చూడలేదు. నువ్వు తీసేసింది మళ్ళీ పెట్టు."

"అతుకులబొంత అని నవ్వుతారు సార్."

"నవ్వనీ."

ఆమె మూతి ముడుచుకునే ప్రోగ్రాం మార్చింది.

మధ్యాహ్నం కొనేవాళ్ల ఇంజినీర్లు వచ్చి కంట్రోల్ రూములో నిలబడ్డారు. అద్దం అవతల టవరు పూర్తి వోల్టేజీ అందుకుంది. షెడ్డంతా ఒకటే రొద. తెరమీద వోల్టేజీ గీత నున్నగా సాగుతోంది. ఇందుమతి పరదేశి గారి పక్కన కూర్చుని దాన్నే చూస్తోంది.

"నువ్వు సొంత చేత్తో బిగించిన మొదటి పెట్టె ఏదమ్మా?" అన్నారు పరదేశి గారు.

"అడుగు వరసలో మొదటిది సార్. అన్నిటికన్నా మంచిది."

ఆయన ఆ పెట్టె నెంబరు కొట్టి, దాన్ని తప్పించే బటన్ నొక్కారు.

"సార్, అది బాగానే ఉంది," అంటూ ఆమె లేచి నిలబడింది.

తెరమీద ఆ పెట్టె ఎర్రబడింది. గీత సన్నగా వణికింది. అదనపు పెట్టె ఒకటి పనిలోకి దిగింది. గీత మళ్ళీ నున్నబడింది. షెడ్డులో రొద మారనే లేదు.

వచ్చినవాళ్లలో పెద్దాయన ముందుకు వంగాడు. "నన్నొకటి తీయనివ్వండి."

"మీకు నచ్చింది తీయండి," అన్నారు పరదేశి గారు.

ఆయన నడిమి వరసలోంచి ఒకటి తీశాడు. టవరు నడిచింది. పై వరసలోంచి ఇంకొకటి తీశాడు. నడిచింది.

"చాలు," అన్నాడాయన నవ్వుతూ. "పని మీదే."

కంట్రోల్ రూమంతా చప్పట్లతో మోగిపోయింది. ఎవరో ఈల కూడా వేశారు. ఇందుమతి మాత్రం తెరమీద ఎర్రగా వెలుగుతున్న తన పెట్టెను చూస్తూ ఉండిపోయింది.

"చెడ్డది ఏదైనా తీయొచ్చు కదా సార్. నాదే ఎందుకు తీశారు?"

పరదేశి గారు కుర్చీలోంచి లేచారు. దాన్ని ఆమెవైపు జరిపారు.

"అన్నిటికన్నా మంచిది లేకపోయినా నడిచింది కదమ్మా. రేపటి నుంచి పరీక్షలకి నేను రాను," అన్నారు.