సోములమ్మ మూడు కేకలు

కొండలకింకా పేర్లు పెట్టని రోజుల మాట. రెండు కొండల నడుమ మోడులపాలెం. అప్పుడక్కడ పొలాల్లేవు. టేకు చెట్లు, మద్ది చెట్లు, గొడ్డళ్ల చప్పుడు. అంతే.

అక్కడ సోములమ్మ అని ఒకావిడ. మొగుడు ఒరిగే చెట్టు కింద పోయాడు. తప్పుకోమని కేకేసినవాళ్లు లేరు. మర్నాటి నుంచి ఆ కేకలు తనే వేసింది.

"చెట్టొస్తోందీ!" ఒక కేక.

"తప్పుకోండీ!" రెండో కేక.

మూడో కేకకి పేర్లు. చెట్టు దగ్గరున్నవాళ్లు తమ పేరు వినగానే "ఉన్నా" అనాలి. అందరూ అన్నాకే ఆఖరి దెబ్బ.

అడవి తరిగింది. మోడులు పీకి మళ్లు చేశారు. వరి వచ్చింది. సోములమ్మకి పని లేకపోయింది. అయినా గట్టున కూర్చుని, నాట్లేసేవాళ్లని పేరుపేరునా పిలిచేది.

"వరి విరిగి మా నెత్తిన పడుద్దా అత్తా?" నాట్లేసేవాళ్లలో గంగులు అనే పడుచు ఎకసెక్కమాడేది.

"పడనీ. నువ్వు ఉన్నానని పలుకు, చాలు."

గంగులు పలికేది కాదు. నవ్వేది.

ఒక ఏడు కొండ మీద మూడు రోజులు వాన. నాలుగో రోజు తెరిపిస్తే అందరూ మళ్లలోకి దిగారు. మళ్ల పక్క వాగుకి ఎగువన, ఎప్పుడో పేర్చి వదిలేసిన దుంగల కుప్ప వరదకి కదిలి కిర్రుమంది. ఆ చప్పుడు సోములమ్మకి తెలుసు.

"దుంగలొస్తున్నాయీ!"

నవ్వారు.

"తప్పుకోండీ!"

ఇద్దరు నడుం ఎత్తారు.

మూడో కేకకి పేర్లు. ఆ గొంతులో ఏం విన్నారో! "ఉన్నా", "ఉన్నా" అంటూ మెరకకి పరిగెత్తారు. గంగులు పలకలేదు.

గంగులు వాగొడ్డున ఉంది. అక్కడ పీకకుండా వదిలిన మోడులకి కట్టిన ఉయ్యాల్లో ఆమె చంటిపిల్ల. పిల్ల జారకుండా వేసిన ముడి తడిసి ఊడిరావడం లేదు. సోములమ్మ కిందికి పరిగెత్తింది. మొలనున్న కొడవలితో గుడ్డ కోసింది. పిల్లని తల్లి చేతిలో పెట్టింది.

"పో! వెనక్కి చూడకు!"

గంగులు మెరకెక్కింది. "ఉన్నానత్తా! ఇద్దరం ఉన్నాం!"

అప్పటికి కింద నీళ్లు, దుంగలు.

ఊరంతా మిగిలింది. అందరి పేర్లూ పిలిచిన మనిషి మిగల్లేదు. ఆమె పేరు పిలవాలని ఒక్కరికీ తోచలేదు.

మరుసటి నాట్లకి గంగులే గట్టెక్కి పిలిచింది. ఆమె తర్వాత, ఆ పిల్ల.

ఇప్పటికీ మోడులపాలెంలో నాట్లకి తూము ఎత్తే ముందు మూడు కేకలు వేస్తారు. "నీళ్లొస్తున్నాయీ!" "తప్పుకోండీ!" ఆ తర్వాత పేర్లు. అందరూ పలికాక ఒక్క పేరు మిగులుతుంది.

"సోములమ్మా!"

మళ్లలో ఉన్నవాళ్లూ గట్టున ఉన్నవాళ్లూ ఒక్క గొంతుతో అంటారు.

"ఉందీ!"

అప్పుడు తూము ఎత్తుతారు.