నక్క మేస్త్రి అంచనా

నాకున్న సుగుణాల్లో ఒక్కటి మాత్రం చెప్పుకోక తప్పదు. ఎదుటివాడు చేస్తున్న పని చూడగానే అది ఎంతసేపట్లో తెమిలిపోతుందో చెప్పేయగలను. ఈ విద్య నాకెవరూ నేర్పలేదు, నేనుగా సంపాదించుకున్నాను. మా ప్రహరీ గోడ కడుతున్నప్పుడు నీడలో కుర్చీ వేసుకుని, కాఫీ తాగుతూ, "ఇదెంత, పూట పని" అని మేస్త్రికి ధైర్యం చెప్పింది నేనే. ఆయన నా వైపు చూసిన చూపు గౌరవమే అనుకున్నాను. ఇదే విద్య తెలిసిన నక్క ఒకటి ఉండేది. దాని సంగతి చెబుతాను.

వాగు మలుపు తిరిగే చోట ఒక రాళ్ళగుట్ట. ఆ గుట్ట కింద నెలలు నిండిన చూడి అడవిపంది ఒకటి చోటు వెతుక్కుంటూ తిరుగుతోంది. వానాకాలం దగ్గర పడింది. పుట్టబోయే పిల్లలకి తడవని నేల కావాలి.

నక్క ఎదురొచ్చింది. "ఏమిటక్కా, ఇల్లు వెతుక్కుంటున్నావా? వెతకడమెందుకు, కట్టించుకో. ఈ బండ కిందే మూడు వైపులా రాతిగోడ లేపితే కోటే!"

"కట్టేదెవరు?"

"నేను లేనూ? మేస్త్రిని."

"నువ్వు మేస్త్రివి ఎప్పుడయ్యావు?"

"ఇప్పుడే. నువ్వడిగావు గదా."

పంది నవ్వలేదు. నవ్వితే దానికి ఆయాసం. "మొత్తం గుత్తకి ఎంత?"

"పన్నెండు తట్టల చిలగడదుంపలు. కూలీలకి నేనిచ్చుకుంటాను."

"ఇస్తాను. మొదటి వానకి గోడ లేవకపోతే?"

"లేవకపోతే గట్టు మీదున్న నా బొరియ నీది. తాతలనాటిది, చుక్క నీరు దిగదు."

"మాట మీదుండు," అని పంది అక్కడే చతికిలబడింది.

పనివాళ్ళు ముగ్గురు. వాగులోంచి రాళ్ళు ఈడ్చడానికి ఎద్దు, మట్టి మోయడానికి గాడిద, గోడ పేర్చడానికి కోతి. ఎవరి కూలి వాళ్ళనే అడిగితే కొండంత చెబుతారని నక్కకి తెలుసు. అందుకని ఎద్దు పని గురించి గాడిదని అడిగింది.

"గాడిద బావా, రాళ్ళు ఈడ్చినందుకు ఎద్దుకి ఎంతివ్వొచ్చంటావు?"

"ఆ ఒంటికి అదొక పనా? మెడ వంచి నడిస్తే రాయి దానంతటదే వెనకాల వస్తుంది. ఒక్క తట్ట చాలు. ఎక్కువిస్తే కొవ్వెక్కుతుంది."

గాడిద పని గురించి కోతిని అడిగింది.

"మట్టి మోయడమా? మట్టి నేల ఇచ్చింది, వీపు దేవుడిచ్చాడు. మధ్యలో వాడు చేసేదేముంది? ఒక తట్ట పారెయ్యి."

కోతి పని గురించి ఎద్దుని అడిగింది. ఎద్దు నెమరు ఆపి చాలాసేపు ఆలోచించింది. "అదంతా కూర్చుని చేసే పని గదా. రాయి మీద రాయి పెట్టడం. ఒక తట్ట ఎక్కువే. సరే, పాపం, ఇవ్వు."

కూలి మూడు తట్టలు, మిగులు తొమ్మిది. నక్క దారంతా తోక ఊపుకుంటూ ఇంటికెళ్ళింది.

పొద్దున్నే ముగ్గురినీ నిలబెట్టి కూలి చెప్పింది. ఎద్దు ముక్కు ఎగబీల్చింది.

"నాకు ఒక్క తట్టా? ఒక్కో రాయినీ పెకలించి, ఇసుకలో గిట్టలు దిగబడుతుంటే గట్టెక్కించాలి మేస్త్రీ! ఎవరు కట్టారీ లెక్క?"

నక్క దీనికీ సిద్ధంగానే ఉంది. వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకుంటే తన జోలికి రారని దాని ఎత్తు. "నేనెవర్ని కట్టడానికి? తెలిసినవాళ్ళనే అడిగాను. నీది గాడిద బావ చెప్పాడు. ఆయనది కోతి చెప్పాడు. కోతిది నువ్వే చెప్పావు, పెద్దాయనా."

గాడిద చెవులు దించుకుంది. కోతి చెట్టెక్కింది.

"కూర్చునే పనా? రా, వచ్చి కూర్చో!" అని కోతి కొమ్మ మీంచి అరిచింది.

"నాకు దేవుడు వీపు ఇచ్చాడు సరే, నీకు తోకిచ్చింది బుర్ర బదులా?" అంది గాడిద.

నక్క నీడలో కళ్ళు అరమూసి, గొడవ చల్లారడం కోసం చూస్తోంది. ఎద్దుకి ఆలోచన ఆలస్యంగా మొదలవుతుంది, మొదలైతే మధ్యలో ఆగదు.

"మేస్త్రీ, గాడిద తెలిసినవాడే గదా?"

"అవును."

"ఒక్క తట్టకి రాళ్ళు ఈడ్చొచ్చని ఆయనకి తెలుసు."

"తెలుసు మరి."

"అయితే ఆయనే ఈడుస్తాడు. మట్టి కోతి మోస్తాడు. గోడ నేను కడతాను, కూర్చుని."

తెలిసినవాళ్ళన్నది నక్కే. గాడిదకీ కోతికీ అన్న మాట వెనక్కి తీసుకోవడానికి మొహం చెల్లలేదు.

గాడిద మెడకి తాడు కట్టుకుని లాగింది. రాయి దానంతటది రాలేదు. గాడిదే రాయి దగ్గరికి వెనక్కి వెళ్ళింది. కోతి వీపు మీద తట్ట పెట్టుకుంది. నాలుగడుగులు వేశాక కోతి ఏదో మట్టి ఏదో తెలియలేదు. ఎద్దు కూర్చోవడం వరకూ బాగానే చేసింది. ఆ తర్వాత రాయి మీదికి రాయిని మూతితో తోసింది. అది అటువైపు పడింది. అటు వెళ్ళి తోస్తే ఇటువైపు పడింది.

సాయంత్రానికి గోడ ఒక రాయి ఎత్తు లేచింది. ఆ రాయి పొద్దున్నుంచీ అక్కడే ఉంది.

పంది వచ్చి చూసి, "కోట బాగుంది," అని మళ్ళీ చతికిలబడింది.

పడమటివైపు మబ్బు పట్టడం చూసి నక్క గభాలున లేచింది. "ఇక చాలు! ఎవరి పనికి వాళ్ళు పొండి. కూలి మళ్ళీ మాట్లాడుకుందాం."

"మళ్ళీ వాళ్ళనే అడుగు," అంది ఎద్దు.

గాడిద కాళ్ళు చాపుకుని పడి ఉంది. "ఎద్దన్నకి నాలుగు తట్టలు. తగ్గిస్తే నేనొప్పుకోను."

కోతి చెవిలో మట్టి దులుపుకుంటూ, "గాడిదకి నాలుగు," అంది.

"కోతికి నాలుగు," అంది ఎద్దు. "రాయి మీద రాయి ఎలా నిలబెడతాడో నాకిప్పటికీ అంతుపట్టలేదు."

నక్క వేళ్ళు మడిచి చూసుకుంది. పన్నెండూ అయిపోయాయి. "మరి నాకు?"

"నీ పని ఎంతో ఎవర్ని అడగమంటావు?" అంది కోతి. "పంది అక్కని అడుగుదామా?"

ఆ క్షణాన సరేననుంటే బొరియ దక్కేది. ముగ్గురూ ఒళ్ళు దాచుకోకుండా చేస్తే రెండు రోజుల్లో గోడ లేచేది. కానీ నక్క బేరానికి దిగింది. తలా అర తట్ట తగ్గించమంది. మేస్త్రికంటూ ఏదో ఒకటి మిగలాలి గదా అంది. మర్నాడంతా అదే పాట. ఆ మర్నాడూ అదే. మూడో రోజు పొద్దున, "ఇదే చివరి మాట, నాకొక్క తట్ట..." అంటుండగా ముక్కు మీద చుక్క పడింది.

"చెమట," అంది నక్క.

రెండోది పడింది.

పంది లేచి గట్టు వైపు నడిచింది. ఏమీ తొందరపడలేదు.

"అక్కా! ఇది చినుకే, వాన కాదు!"

"ఆ ముక్క నా పిల్లలకి చెప్పు," అంది పంది వెనక్కి తిరక్కుండానే. బొరియ గుమ్మం కాస్త ఇరుకనిపించి, మూతితో నాలుగు పోట్లు పొడిచి వెడల్పు చేసుకుని లోపలికి వెళ్ళింది. పొద్దు గుంకేలోగా లోపల్నుంచి చిన్న చిన్న గొంతులు వినిపించాయి.

నక్క బండ కింద, ఒక రాయి ఎత్తు గోడ పక్కన ముడుచుకుని కూర్చుంది. మూడు వైపులనుంచీ జల్లు కొడుతోంది. అటుగా పోతున్న కోతి ఆగింది.

"తడుస్తున్నావేం మేస్త్రీ? మూడు వైపులా గోడ లేపితే కోటే గదా! ఎంతవుతుందంటావు?"

"తలా నాలుగు తట్టలు," అంది నక్క, ఈసారి తడుముకోకుండా.

ఒక పని విలువ ఎంతో, ఆ పని ఒక పూటైనా చేసినవాడే చెప్పాలి.

ఇంత కథ చెప్పానా, నిన్న పక్కింటివాళ్ళ మేడ మీద స్లాబు వేస్తుంటే గేటు దగ్గర నిలబడి "పూట పని" అని కేకేశాను. నోరు మూసుకోవడం నాకింకా రాలేదు.