ముసలెద్దు గిట్టముద్ర

ఈ కథ మొదట చెప్పింది ఎద్దులకు నాడాలు కొట్టే పీరాన్ సాయిబు. పడుకోబెట్టిన ఎద్దు గిట్ట ఒడిలో పెట్టుకుని, మేకుకో మాట చొప్పున చెప్పేవాడు.

ఎర్రగుట్ట మీద జంతువులకు ఒక విద్వత్సభ ఉండేది. దాన్ని పెట్టినవాళ్లలో బతికున్నది ముసలెద్దు ఒక్కటే. అంతకుముందు ఎక్కడినుంచో చిలకలు వచ్చి దూరదేశపు నదుల గురించి చెప్పిపోయేవి. సొంత గుట్టలో ఏ రాయి కింద తడి ఉందో చెప్పేవాళ్లు మాత్రం లేరు. అందుకే సభ ఒక పద్ధతి పెట్టుకుంది. గుట్ట గురించి శోధించే పిల్లజీవి ఒకదానికి ఏటా సరిపడా దుంపలివ్వాలి, తిండికోసం తిరిగే పని లేకుండా. ఒక పెద్దజీవి దాని వెనక నిలబడాలి. పని అయ్యాక ఆ పెద్ద మోదుగాకు మీద సాక్షిముద్ర వేస్తే, వడ్రంగిపిట్ట ఎండిన మద్దిమాను మీద శోధించినవారి పేరు చెక్కుతుంది. పేరున్నవారి మాట గుట్టంతా వినాలి.

ఈసారి ముళ్లపంది వంతు. మూడు ఎండాకాలాలు ముక్కు నేలకానించి తిరిగి పదకొండు ఊటలు కనిపెట్టింది. నియమం ప్రకారం ఆ చోట్లు కార్యదర్శి నక్కకు చూపించింది. వాటిని ఎలా వాడుకోవాలో మాత్రం, పేరు చెక్కాక అందరికీ చెప్పాలని ఆకుల మీద రాసుకుంది. దాని వెనక నిలబడిన పెద్ద ముసలెద్దే.

"తాతా, నక్క ఆకు తెస్తే ముద్ర వేసేముందు ఒకసారి నాకు చూపించు," అంది ముళ్లపంది.

"ఏమ్మీ, నాకే చదువు చెప్తావా? నీకు ముళ్లు మొలవకముందే ఈ సభకు నియమాలు రాయించినోణ్ణి!"

రాయించింది నిజమే. రాసింది వేరేవాళ్లు. ఎద్దుకు వచ్చిన అక్షరాలు నాలుగు, ఆ నాలుగూ దాని పేరులోవే.

రెండు రోజులకు నక్క ఆకు పట్టుకొచ్చింది.

"పెద్దయ్యా, పొద్దున్నే మీ ముఖం చూశాను. ఇవాళ నాకు కడుపునిండా తిండే!"

"పొగడకు. ఆకులో ఏముంది?"

"అయ్యో, మీకు నేను చదివి వినిపించడమా? నలుగురూ నవ్విపోతారు. మీరే చూసుకోండి."

పక్క పొదలోంచి కుందేలు తల బయటపెట్టింది. "మామా, కావాలంటే నేను చదువుతా."

ఆ మాట ఇంకెవరన్నా బాగుండేది. ఆరేళ్ల కిందట ఎద్దు ఆకును తలకిందులుగా పట్టుకుంటే, నిండు సభలో కిచకిచా నవ్వింది ఈ కుందేలే. ఆనాటినుంచి ఎద్దు దాని నీడ పడిన గడ్డి కూడా ముట్టలేదు.

నక్కవైపు తిరిగి, "నా కళ్లు ఇంకా పనిచేస్తున్నాయి," అంది ఎద్దు. ఆకు మీద చూపు అటూ ఇటూ నడిపించింది. "రాత వంకరగా ఉంది. ఈసారైనా తిన్నగా రాయి," అని తప్పుపట్టి మరీ గిట్ట మోపింది.

సభనాడు అధ్యక్షురాలు గుడ్లగూబ ఎప్పట్లాగే కునుకు తీస్తోంది. వడ్రంగిపిట్ట ఆకు చదివింది.

"ఎర్రగుట్ట ఊటలు. శోధించినది నక్క. వెంట దుంపలు మోసినది ముళ్లపంది. సాక్షి ముసలెద్దు."

ముళ్లపంది ముళ్లన్నీ ఒక్కసారి లేచాయి. "తాతా, ఇది చదివే వేశావా?"

గుడ్లగూబ ఒక కన్ను తెరిచింది. "అవును పెద్దయ్యా, చదివే వేశారా? చదవలేదంటే చెప్పండి, ఆకు ఇప్పుడే చించేస్తా."

లేదు అంటే చాలు. ఎద్దు నోరు తెరిచింది. ఎదురుగా కుందేలు చెవులు నిక్కబొడుచుకుని చూస్తోంది.

"చదివే వేశా," అంది ఎద్దు.

సాక్షి మాటకు ఎదురులేదు. వడ్రంగిపిట్ట టకటకా నక్క పేరు చెక్కింది. ఒక్కో దెబ్బా ఎద్దు గిట్టలో మేకులా దిగింది.

ముళ్లపంది ఏడవలేదు. తన ఆకుల కట్ట తెచ్చి ఎద్దు ముందు పెట్టింది. "నీకు చదవొచ్చుగా తాతా. తీరిగ్గా చదువుకో," అని గుట్ట దిగి వెళ్లిపోయింది.

ఎండలు ముదిరాయి. మాను మీద పేరున్న నక్క ముందు నడిచి పదకొండు ఊటలూ ఒకేసారి తవ్వించింది. పది రోజులు అందరూ మునిగి తేలారు. తర్వాత ఒక్కొక్కటే బురదైంది, బురద పెంకులైంది. అప్పటికే నక్క ఆ పేరు చెప్పుకుని పక్క కొండ సభలో పీట సంపాదించింది.

చివరి ఊట ఇంకిన రోజు, ఎద్దు ఆకుల కట్ట నోట కరుచుకుని కుందేలు పొద దగ్గర ఆగింది.

"చదివిపెట్టు."

"నీకు రాదా మామా?"

"రాదు."

కుందేలు నవ్వలేదు. కట్ట విప్పితే చెదలు రాలాయి. మిగిలింది ఒక్క ముక్క.

"ఒక ఊట తాగేటప్పుడు తక్కిన పదీ మూసి ఉంచాలి. అన్నీ తెరిస్తే అన్నీ చస్తాయి. ఈ మాట తాత చేత చెప్పించాలి. తాత చెబితే అందరూ వింటారు."

ముళ్లపందిని వెనక్కి పిలుచుకు రావాలని ఎద్దు గుట్ట వాలు దాకా నడిచింది. నాలుగడుగులు దిగేసరికి ముంగాళ్లు మడతపడ్డాయి. "అమ్మీ!" అని పిలవబోయింది. ఎండిన గొంతులోంచి మాట పెగల్లేదు.

తనకు రాదని ఒప్పుకోలేని పెద్ద, తాను నిలబెట్టాల్సిన బిడ్డనే తొక్కుతాడు.

ఆ మద్దిమాను ఇంకా అక్కడే ఉందనేవాడు పీరాన్ సాయిబు. అటు వెళ్లేవాళ్లలో చదువొచ్చినవాళ్లెవరైనా ఉంటే, నక్క పేరు గీకేసి ముళ్లపంది పేరు చెక్కండి. సాక్షి చోటు మాత్రం ఖాళీగా వదిలేయండి.