చేయూత గౌరీ వ్రత కథ

అక్షతలు కుడిచేతిలో పట్టుకొని వినుడు. పిడికిలి బిగించినను దోషము లేదు. కథ ముగియునప్పటికి విప్పవలసియుండును.

పూర్వము పెన్న యనబడు పినాకినీ తీరమున తపమాచరించుచున్న ఉపశాంత మహర్షిని జ్వలితుడను ముని దర్శించి, తల వంచుకొని ఇట్లడిగెను: "స్వామీ! నిన్న నా శిష్యుడు కమండలము దొర్లించినాడని వానిని శపించితిని. వాడు వెళ్లిపోయెను. ఒలికిన నీరు ఇసుకలో ఇంకెను గాని నా కోపము ఇంకలేదు. ఇట్టివారికి ఏదైన వ్రతము కలదా?" అందులకు మహర్షి, "కలదు. అయితే పోయినదంతయు తెచ్చి ఇచ్చునది కాదు. సమ్మతమైనచో వినుము" అని చెప్పసాగెను.

ఆ నది ఒడ్డుననే ఎర్రమట్టిపాడను గ్రామమున చెంచయ్య యను కుమ్మరి కలడు. అతని భార్య ఓబులమ్మ. ఒక్కగానొక్క కూతురు గురవమ్మ, ఏడేండ్లది. చెంచయ్య కడవలోని నీరు త్రాగినచో ఎండకాలమున పండ్లు జివ్వుమనునని ఊరివారు చెప్పుకొనెడివారు. చేయి అంత మంచిది, కోపము అంత చెడ్డది. ముక్కుమీద కోపమని లోకమున అందురు గాని, ఇతనికి ముక్కుదాక పోవు ఓపిక కూడ లేదు, నేరుగా చేతికే వచ్చెడిది.

ఒక శ్రావణమున, ఆరబెట్టిన పచ్చికుండలపైకి మబ్బు పట్టెను. కప్పుటకు తాటాకులు తెమ్మనగా ఓబులమ్మ ఒక్క క్షణము ఆలస్యము చేసెను. చెంచయ్య గుదియ ఎత్తి, వానకంటె ముందు తానే కుండలన్నిటిని పగులగొట్టెను. వాన రానేలేదు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని సామెత కదా. ఆ గుదియ కుమ్మరి చేతనే ఉన్నప్పుడు ఎవరేమి చేయగలరు? ఆ ఏడు ఇంట గంజికి కూడ కరవయ్యెను.

కుండలు పగిలిన ఆ నాడే అతడు పెంకుల నడుమ కూర్చుండి ఏడ్చుచుండగా, గౌరీదేవి ఉప్పు గంప నెత్తినున్న ముసలమ్మ రూపమున వచ్చి, దింపుటకు చేయి వేయుమని పిలిచెను. చెంచయ్య లేచి దింపెను. ఆమె మెడ తడుముకొని, కోపమునకు ముందు నీకేమి వచ్చినదని అడిగెను. అతడు భయము వచ్చినదని, కుండలు తడిసినచో పిల్లకు కూడుండదని తోచినదని చెప్పెను. ఆ మాట అతనినెవ్వరును అడిగియుండలేదు; తన్ను తానును అడుగుకొనలేదు.

అప్పుడామె, నెత్తి బరువును ఒంటిగా దింపబోయినచో మెడయైనను పట్టును, కడవయైనను పగులునని, కోపమును అట్టిదేయని చెప్పెను. తొమ్మిది మంగళవారములు పసుపు గౌరిని నిలిపి బెల్లము నివేదింపవలెను. నడుమ ఎప్పుడు కోపము పుట్టినను, అది చేతిలోనికి దిగకమునుపే పొరుగు గడపకు పోయి, బరువుగా ఉన్నది చేయి వేయుమని నోరు విడిచి అడుగవలెను; కోపమునకు ముందు వచ్చినదేదో అదియు చెప్పవలెను. ఇట్లు తెలిపి దేవి గంప ఎత్తించుకొని పోయెను.

చెంచయ్య పీట కడిగెను, గౌరిని నిలిపెను, బెల్లము పెట్టెను. గడప మాత్రము దాటలేదు. పొరుగున గానుగ ఆడించు నరసప్పతో చెప్పుకొనుటకు సిగ్గుపడి, తనకు తెలిసిన విద్యనే పట్టుకొనెను. కుండలు కాల్చు ఆవము అంటించి పైన మట్టి మెత్తునట్లు, నోరు మూసికొని కూర్చుండినచో కోపము తానే చల్లారుననుకొనెను. కుమ్మరియై యుండి మరచినాడు తల్లులారా! ఆవము మూయునది చల్లార్చుటకా? లోని వేడి బయటికి పోకుండుటకు.

ఎనిమిది వారములు అతడు పల్లెత్తు మాట అనలేదు. మగడు మారినాడని ఓబులమ్మ నలుగురికి చెప్పుకొని మురిసెను. తొమ్మిదవ మంగళవారమున గురవమ్మ నిండు కడవ నెత్తిన తెచ్చి, దింపుటకు ఎవరును లేక, వాకిట జారవిడిచెను. కడవ పగిలెను. చెంచయ్య చప్పుడునకు పరుగున వచ్చి చేయి చేసికొనెను. ఒక్క దెబ్బయే. పిల్ల ఎడమచెవి నుండి నెత్తురు కారెను. మరల ఆ చెవి వినలేదు.

ఓబులమ్మ కొంగుతో ఆ నెత్తురు తుడిచెను. పిల్లను చంకనెత్తుకొని పుట్టింటికి నడిచిపోయెను.

కుండలు చేయు సారె తిరుగక నిలిచిపోయెను. చెంచయ్య తన చేతిని చూచుటకే వెరచెను. కూడు తినవలెనన్నను ఆ చేయియే కదా! పస్తులుండి పుల్లవలె ఎండెను. వేసవి రాగా పెన్నలో పడి చత్తునని పోయెను. ఇసుక తప్ప నీరు లేదు. చచ్చుటకు కూడ తగనని ఏడ్చుచు మరలివచ్చి, నరసప్ప గడప ముందు నిలిచెను.

"నరసన్నా, బరువుగా ఉండాది. రవ్వంత చెయ్యెయ్యి."

నెత్తిన చూడగా ఏమియు లేదు. నరసప్ప గానుగెద్దును నిలిపి, అతని చేయి పట్టుకొని అరుగుపై కూర్చుండబెట్టెను. చెంచయ్య జరిగినదంతయు చెప్పెను. కడవ పగిలినప్పుడు ముందు ఏమి వచ్చినదని నరసప్ప అడిగెను.

"పెంకులు బిడ్డ కాళ్ల మీద పడినాయేమోనని బయమొచ్చినాదన్నా" అని చెంచయ్య ఘొల్లుమనెను.

నరసప్ప అతనికి చెంబుతో నీరిచ్చెను. పిమ్మట, "ఎప్పుడొచ్చినా రా. గానుగ ఆపైనా ఇంటా" అనెను.

చెంచయ్య వ్రతమును మొదటినుండి పట్టెను. ఒక్కొక్క దినమున మూడు మార్లు ఆ గడపకు పోయెను. ఊరివారు నవ్విరి. నవ్వినందుకు కోపము రాగా దానికిని పోయెను. సారె తిరిగెను, కుండలు అమ్ముడుపోయెను, ఇల్లు మాత్రము నిండలేదు. నెలకొకమారు కొత్త కడవ తీసికొని అత్తవారి ఊరు పోయి, వాకిట పెట్టి, చేతులు వెనుకకు కట్టుకొని దూరముగా నిలిచెడివాడు. ఓబులమ్మ పలుకరించెడిది కాదు. ఎవరైన పిలిచినచో గురవమ్మ కుడిచెవి త్రిప్పి వినెడిది. అది చూచి అతడు మరలివచ్చెడివాడు. ఇట్లు నాలుగేండ్లు గడచెను.

ఒకనాడు గురవమ్మ ఏటి ఇసుకలో తవ్విన చెలమ నుండి నిండు కడవతో వచ్చెను. వాకిట అతడు తప్ప మరియెవ్వరును లేరు. పిల్ల నిలిచి, లోపలికి చూచి, కాళ్లు మార్చుకొని, కడకు పలికెను:

"నాయనా, చెయ్యెయ్యి."

చెంచయ్య పిల్లకు వినబడు కుడివైపునకు వచ్చి, "ఏస్తా ఉండానమ్మా" అని చెప్పి చేయి ఎత్తెను. చేయి లేవగానే పిల్ల కన్నులు గట్టిగా మూసికొనెను. అయినను కదలలేదు. కడవ దిగెను.

ఇంతవరకు విని జ్వలితుడు, చెవి తిరిగి వచ్చెనా అని అడిగెను. రాలేదని మహర్షి చెప్పెను. ఓబులమ్మ కాపురమునకు వచ్చెనా అని అడిగెను. అదియు తనకు తెలియదనెను. జ్వలితుడు ఇసుకను చూచి, "స్వామీ, చేయి వేయుము" అనెను.

ఈ వ్రతమును ఇల్లాలిపై అరచువారు, పిల్లలపై చేయి ఎత్తువారు, కోపము దిగమింగి లోపలనే కాలువారు, మా ఇంట అట్టివారు లేరనువారు తప్పక చేయవలెను. చేసినవారికి పగిలినది అతుకదు; పగులవలసినది ఒకటి నిలుచును. ఉద్యాపనమున బ్రాహ్మణునికి కాదు, కష్టము విన్న పొరుగువానికి కొత్త కడవ ఇయ్యవలెను.

ఇక పిడికిలి విప్పుడు. సగము అక్షతలు అమ్మవారిపై వేసి, తక్కిన సగము మీ చేయి చూచి వెరచినవారి చేతిలో పోయుడు. వారు చేయి చాపువరకు వేచియుండుడు.